అలిపిరి గేటు ఒక్కటే ఉంటే

2023 ఫిబ్రవరిలో రేణిగుంట దగ్గర ఫాక్స్‌లింక్ ఫ్యాక్టరీలో మంటలు లేచేదాకా, ఐఫోన్ కేబుళ్లు మన పక్కనే తయారవుతున్నాయని తిరుపతిలో చాలామందికి తెలీదు. చెన్నై రోడ్డు పట్టుకుని దిగితే శ్రీపెరంబుదూరులో ఫాక్స్‌కాన్ వాళ్లు ఐఫోన్లు బిగిస్తున్నారు. చిత్తూరు మీదుగా పలమనేరు, ముళబాగిలు, కోలారు దాటితే నరసాపురలో టాటా వాళ్లు బిగిస్తున్నారు. నడిమధ్యన మనం. శ్రీసిటీ కంపెనీ బస్సులు తెల్లారకముందే సత్యవేడు, నాగలాపురం పల్లెల్లో ఆడపిల్లల్ని ఎక్కించుకుని పోతుంటాయి. ఆ జీతాలతో ఇళ్లు లేచాయి, తమ్ముళ్ల చదువులు సాగుతున్నాయి. దాంతో నాకు ఏ తగాదా లేదు.

నా తగాదా వేరే. ఒక కంపెనీ తన సరుకంతా ఒకే దేశంలో చేయించుకోవడం మొదలుపెడితే, ఫలానా యాప్ తీసేయమని ఆ దేశపు గవర్నమెంటు రాసే ఉత్తరాన్ని పక్కన పడేసే ధైర్యం దానికి రోజురోజుకీ తగ్గిపోతుంది. చైనాలో ఆపిల్‌కి జరిగింది అదే. ఇప్పుడా ఆపిల్ కొంచెం కొంచెంగా మన వైపు జరుగుతోంది. కాబట్టి అక్కడ ఏం జరిగిందో తిరుపతిలో కూర్చున్నవాళ్లకి కూడా పనికొచ్చే సంగతే.

2017 జనవరిలో చైనా ప్రభుత్వం, తన అనుమతి లేని వీపీఎన్‌లు (ఇంటర్నెట్‌లో గవర్నమెంటు కట్టిన అడ్డుగోడలు దాటించే యాప్‌లు) నడవకూడదని నోటీసు ఇచ్చింది. జులై ఆఖరుకల్లా ఆపిల్ తన చైనా యాప్ స్టోర్లో వీపీఎన్ యాప్‌లను ఏరేయడం మొదలుపెట్టింది. ఆ ఏడాది ఏరేసినవి 674 అని, అమెరికా సెనేటర్లు టెడ్ క్రూజ్, పాట్రిక్ లేహీ నిలదీస్తే ఆ కంపెనీయే రాసిచ్చింది. దానికి కొన్ని నెలల ముందే న్యూయార్క్ టైమ్స్ యాప్ పోయింది. 2018 ఫిబ్రవరి నుంచి చైనావాళ్ల ఐక్లౌడ్ డేటా గ్వీజౌ రాష్ట్రంలోని ప్రభుత్వ సంస్థ ద్వారా నడుస్తోంది. 2019 అక్టోబరులో హాంకాంగ్ నిరసనకారులు పోలీసులు ఏ వీధిలో ఉన్నారో చూసుకునే మ్యాపు యాప్ పోయింది. 2024 ఏప్రిల్‌లో వాట్సాప్, థ్రెడ్స్, సిగ్నల్, టెలిగ్రామ్ కూడా పోయాయి.

ప్రతిసారీ ఒకటే జవాబు. తీయకుండా ఉండడమే మాకిష్టం, కానీ ఎక్కడ వ్యాపారం చేస్తే అక్కడి చట్టం పాటిస్తాం అని 2017 ఆగస్టులో, ఆపిల్ సీఈఓగా ఉన్న టిమ్ కుక్ అన్నాడు. వినడానికి ఎంత మర్యాదగా ఉంది! చట్టం పాటించేవాణ్ని ఎవరు తప్పుపడతారు? చైనా, హాంకాంగ్, తైవాన్ ప్రాంతమంతా కలిపి ఆ కంపెనీకి 2024 ఆర్థిక సంవత్సరంలో వచ్చిన అమ్మకాలు దాదాపు 67 బిలియన్ డాలర్లు. మొత్తం 391 బిలియన్లు. ఆరో వంతు పైగా వ్యాపారం, దానికి తోడు ఫ్యాక్టరీలు. అంత పెద్ద మూటని ఎవడు వదులుకుంటాడు అని మనమే వాళ్ల తరఫున సర్దిచెప్పుకుంటాం. నేనూ చాలాకాలం ఈ లెక్కే ఒప్పుకున్నాను. దుర్మార్గం కాదు, బేరం అనుకున్నాను.

ఆ లెక్క రష్యా దగ్గర తప్పింది. యుక్రెయిన్ మీద దాడి మొదలయ్యాక 2022 మార్చిలో ఆపిల్ రష్యాలో ఫోన్లు అమ్మడం ఆపేసింది. అమ్మకాలు లేవు, ఫ్యాక్టరీ ముందునుంచీ లేదు. అయినా 2024 జులైలో రష్యా సమాచార నియంత్రణ సంస్థ రోస్కొమ్‌నడ్జోర్ అడిగితే 25 వీపీఎన్ యాప్‌లను తన రష్యా స్టోర్లోంచి తీసేసింది. అమ్మకాలు వదులుకున్నారు, విధేయత మాత్రం వదులుకోలేదు. అదే ఏడాది జూన్‌లో అదే సంస్థ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లాని కూడా అడిగింది. సెన్సార్‌ని దాటించే కొన్ని ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్లను (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములను) రష్యాలో కనపడకుండా చేయమని. మొజిల్లా మొదట తీసేసింది, జనం తిట్టారు, కొద్ది రోజుల్లోనే మళ్లీ పెట్టేసింది. ఆపిల్ డబ్బు ముందు మొజిల్లా డబ్బు ఎంత? చిల్లర. ఆ చిల్లర సంస్థ చేయగలిగింది ఆపిల్ చేయలేకపోయిందంటే, చట్టం పాటించడం తప్ప దారి లేదన్న మాట నేను నమ్మను.

ఇంతకీ గవర్నమెంట్లు స్టోర్ల వెంటే ఎందుకు పడతాయి? వీపీఎన్ పెట్టుకుంటే మీ ఫోన్ నుంచి బయటి సర్వర్ దాకా సమాచారమంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రహస్య లిపిలోకి మారి పోతుంది. మధ్యలో ఉన్న జియోకో బీఎస్ఎన్ఎల్‌కో మీరు ఫలానా సర్వర్‌తో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, అక్కడి నుంచి ఎక్కడికి పోయారో తెలీదు. దీన్ని దారిలో పట్టుకోవాలంటే ఇంటర్నెట్ కంపెనీల దగ్గర ప్రత్యేకం యంత్రాలు పెట్టి, పోయే ప్రతి ప్యాకెట్ (సమాచారపు ముక్క) రూపురేఖలూ చూడాలి. 2019లో తెచ్చిన చట్టంతో రష్యా అలాంటివి దేశమంతా పెట్టించింది. చైనా ఏళ్ల తరబడి అదే పని మీద ఉంది. ఖర్చు, సిబ్బంది, పైగా గురి తప్పితే పరువు. 2018లో టెలిగ్రామ్‌ని ఆపబోయి రష్యా అమెజాన్, గూగుల్ అడ్రసులు లక్షల కొద్దీ మూసేసింది. సంబంధం లేని సైట్లు పడిపోయాయి, టెలిగ్రామ్ మాత్రం నడుస్తూనే ఉంది. రెండేళ్ల తర్వాత ఆ నిషేధం వాళ్లే ఎత్తేశారు. ఇంత తంటా ఎందుకు, స్టోర్‌కి ఒక ఉత్తరం రాస్తే పోలా? తపాలా ఖర్చు కూడా లేదు.

ఆ ఉత్తరం పనిచేయడానికి కారణం మాత్రం ఏ నియంతా కాదు, స్టోర్ కట్టిన పద్ధతి. కొండకి బండి మీద పోయేవాళ్లంతా అలిపిరి తనిఖీ గేటు దాటాల్సిందే. కానీ శ్రీనివాసమంగాపురం వైపు నుంచి శ్రీవారి మెట్టు ఉంది, నడిచిపోయే ఓపిక ఉన్నవాళ్లు అటు పోతారు. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ గేటు. స్టోర్‌తో పనిలేకుండా బయటి నుంచి తెచ్చి ఎక్కించుకునే ఏపీకే ఫైలు మెట్టుదారి. ఐఫోన్‌లో, యూరప్ లాంటి ఒకట్రెండు చోట్ల తప్ప, మెట్టుదారి లేనే లేదు. దారి మూసింది ఏ గవర్నమెంటూ కాదు, కంపెనీయే మూసి భద్రత అని పేరు పెట్టింది. దారులన్నీ నువ్వే మూసి, ఉన్న ఒక్క గేటు తాళాలు నీ దగ్గరే పెట్టుకుని, ఎవడో వచ్చి మూయమంటే నేనేం చేయను చట్టం కదా అంటే ఎట్లా?

గేటు వల్ల మేలు లేదని నేననను. 2018లో ఫేస్‌బుక్ ఒనావో అనే సొంత వీపీఎన్ పెట్టి జనం ఏయే యాప్‌లు వాడుతున్నారో కూపీ లాగుతుంటే, దాన్ని స్టోర్లోంచి వెళ్లగొట్టింది ఆపిలే. ఫ్రీగా దొరికే వీపీఎన్లలో ఇలాంటివి బోలెడు. జియోకి కనపడని మీ రాకపోకలన్నీ ఆ వీపీఎన్ నడిపేవాడికి కనపడతాయి, వాడెవడో మీకు తెలీదు. దొంగ వీపీఎన్‌ని ఆపే గేటు మంచిదే. మంచి వీపీఎన్‌నీ అదే గేటు దగ్గర, అదే చేత్తో ఆపడమే నా గొడవ.

తిరుపతిలో వీపీఎన్‌తో ఎవరికి పని అని మీకు అనిపించవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో ఈ మాట ప్రతి వీధికీ వచ్చింది. బెంగుళూరు, హైదరాబాదు నుంచి ఇంటికొచ్చేసిన సాఫ్ట్‌వేరు పిలకాయలు మిద్దె మీద కూర్చుని వీపీఎన్ కనెక్ట్ కావడం లేదని తల పట్టుకుంటుంటే, వంటింట్లో అమ్మలు కూడా ఆ మాట నేర్చుకున్నారు. వాళ్లది ఆఫీసు వీపీఎన్, దాని జోలికి ఎవరూ పోరు.

ఎంబీబీఎస్ చదవడానికి చైనాకి పోయే పిల్లలు ఇంకో రకం. మన జిల్లా నుంచి ఏటా పోతూనే ఉంటారు. ఫోన్ల గురించి నాకు నాలుగు ముక్కలు తెలుసని మా వీధిలో ఒక నమ్మకం. పక్కింటి అక్క వచ్చి, “తమ్ముడా, మావాడు చైనాకి పోతా ఉండాడు, ఆడ వాట్సాప్ పని చెయ్యదంట గదా, ఏందో ఎక్కించుకోవాలంట, రోంత చూసి పెట్టు” అని అడుగుతుంది. నేను చెప్పేది ఒకటే. విమానం ఎక్కకముందే ఎక్కించుకోవాలి, ఒకటి కాదు రెండు, డబ్బులు కట్టేవి. ఎందుకంటే ఆండ్రాయిడ్ ఫోన్ అయితే చైనాలో దిగాక ప్లే స్టోరే తెరుచుకోదు. ఐఫోన్ అయితే ఇండియా అకౌంటు ఉన్నంతకాలం ఇండియా స్టోరే కనిపిస్తుంది. అకౌంటు చైనాకి మార్చుకున్నాడా, ఇక ఆ యాప్‌లు లేవు. అంటే ఒకే హాస్టల్ గదిలో మన తిరుపతి పిల్లోడికి దొరికే యాప్ పక్క మంచం మీద ఉండే చైనా పిల్లోడికి దొరకదు. ఫోన్ ఒకటే, కంపెనీ ఒకటే. అమ్మతో రోజూ మాట్లాడుకునే వీలు వాడి అకౌంటులో ఏ దేశం పేరుందో దాన్ని బట్టి ఉంటుంది.

పీలేరు, రాయచోటి, రాజంపేట వైపు పోతే గల్ఫ్ కథ. దుబాయిలో వాట్సాప్ చాటింగ్ నడుస్తుంది, కాల్ నడవదు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లు వాడుకోవాలి. వీపీఎన్ పెట్టుకుని కాల్ చేసేవాళ్లు లేరా అంటే ఉన్నారు, గుండె చేతిలో పెట్టుకుని. అక్కడి 2021 సైబర్ చట్టం ప్రకారం ఐపీ అడ్రసు దాచుకుని నేరం చేస్తే జైలుతో పాటు 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా పడొచ్చు. పెళ్లాంతో మాట్లాడడం నేరమా కాదా అనే సందేహం తాపీపని చేసుకునేవాడికి ఎవరు తీరుస్తారు? 2018లో ఇంకొకటి జరిగింది, ఇది పెద్దగా ఎవరికీ గుర్తులేదు. యూఏఈ, ఒమన్, ఈజిప్టుల్లో సిగ్నల్ యాప్ తన ట్రాఫిక్‌ని గూగుల్, అమెజాన్ లాంటి పెద్ద సైట్ల పేరు వెనక దాచి పంపేది. ఆ సైట్లని మూస్తే సొంత వ్యాపారాలే ఆగిపోతాయి కాబట్టి ఆ గవర్నమెంట్లు ముట్టుకోలేకపోయాయి. ఆ వెసులుబాటుని ఆ ఏప్రిల్‌లో గూగుల్, ఆ వెంటనే అమెజాన్ తీసేశాయి.

ఇక మన దేశం. మనది నియంతృత్వం అని నేననను. ఎన్నికలున్నాయి, కోర్టులున్నాయి, ఇది రాసి నేను రాత్రికి నిద్రపోగలను. కానీ పనిముట్లు అవే. 2022 ఏప్రిల్ 28న కేంద్రప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. వీపీఎన్ కంపెనీలు వాడేవాళ్ల పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, ఐపీ, ఎందుకు వాడుతున్నారో కారణంతో సహా అయిదేళ్లు దాచిపెట్టాలి. ఎందుకు వాడుతున్నారో కూడా! ఎక్స్‌ప్రెస్, సర్ఫ్‌షార్క్, నార్డ్ అనే వీపీఎన్ కంపెనీలు తమ సర్వర్లను ఇండియా నుంచి ఎత్తేశాయి. ఆఫీసు వీపీఎన్లకి మాత్రం మినహాయింపు. కంపెనీ రహస్యం కంపెనీ దాచుకోవచ్చు, నా రహస్యం నేను దాచుకుంటే అయిదేళ్ల రికార్డు. 2020లో కాశ్మీరులో టూజీ మీద, అనుమతి ఉన్న కొన్ని సైట్లతోనే జనం నెట్టుకొస్తున్న రోజుల్లో, వీపీఎన్ పెట్టుకుని సోషల్ మీడియాని దుర్వినియోగం చేశారని పోలీసులు ఉగ్రవాదుల మీద వాడే ఉపా చట్టం కింద కేసు పెట్టారు. 2025 జనవరిలో క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1తో సహా కొన్ని వీపీఎన్ యాప్‌లు మన ఆపిల్, గూగుల్ స్టోర్లలోంచి మాయమయ్యాయి. హోంశాఖ ఆదేశమట. ఆ “అట” నా కొసమెరుపు కాదు, ఆ సంగతి జనానికి తెలిసిన తీరే అది. కేంద్రం ప్రకటన చేయలేదు. గూగుల్ ఆ నోటీసుని హార్వర్డ్‌లో ఉండే ల్యూమెన్ అనే భాండాగారంలో వేయబట్టి, విలేకరులు చూడబట్టి బయటపడింది.

ఇక్కడ మా బావ అడ్డుపడతాడు. ఆయన రెవెన్యూలో పనిచేస్తాడు, ఈ విషయంలో మా ఇద్దరికీ పండగ భోజనాల్లో ఎప్పుడూ పడదు. “ఊళ్లో ఎవరికీ లేని బాధ నీకెందుకు బావా? మా అటెండరు కొడుకు రమ్మీలో బండి పోగొట్టుకున్నాడు. లోన్ యాప్ వాళ్లు ఆడకూతుళ్ల ఫొటోలు మార్ఫింగ్ చేసి చుట్టాలకి పంపుతా ఉండారు. దర్శనం టికెట్లని దొంగ సైట్లు పెట్టి యాత్రికుల్ని ముంచుతా ఉండారు. అవి మూయాలంటే వీపీఎన్‌లని కూడా మూయాల్సిందే” అంటాడు.

ఆయన చెప్పే బాధలన్నీ నిజం. తిరుపతిలో ఉండి దొంగ టికెట్ల సైట్ల గురించి తెలీనివాడు ఉండడు, టీటీడీ పోలీసులకి ఫిర్యాదులు చేస్తూనే ఉంది. అలాంటి సైటు మూయించినప్పుడు టీటీడీ దాచిపెట్టదు, పేరుతో సహా పత్రికలకి చెప్తుంది, జనం జాగ్రత్త పడతారు. నేనడిగేది ఆ పద్ధతే. ఇక రమ్మీ. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. ఆ అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి జగన్ 132 సైట్లు, యాప్‌ల పేర్లతో కేంద్రానికి లేఖ రాశారు. ఆడేవాళ్లు మానారా? లొకేషన్ మార్చే యాప్ పెట్టుకుని పక్క రాష్ట్రంలో ఉన్నట్టు చూపించి ఆడారు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం మాత్రం డబ్బు దారి పట్టుకుంది. ఆ కంపెనీలకి బ్యాంకులు, పేమెంట్ యాప్‌లు చెల్లింపులు జరపకూడదంది. వెంటనే పెద్దపెద్ద కంపెనీలే డబ్బాటలు ఆపేశాయి. అటెండరు కొడుకు బండి పోయింది యూపీఐ దారిలో, వీపీఎన్ దారిలో కాదు. ఇది చెబితే బావ వేరే కూర వడ్డించుకుంటాడు.

మూయడం కన్నా చాటున మూయడం నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది. ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద ప్రభుత్వం సైట్లని, యాప్‌లని ఆపించవచ్చు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లు పోయింది దీనికిందే. ఆ జాబితా బాహాటంగా ఇచ్చారు, మా వీధిలో టిక్‌టాక్ స్టార్లు నాలుగు రోజులు ఏడ్చి రీల్స్‌కి మారిపోయారు. కానీ మామూలుగా అట్లా జరగదు. 2009 నాటి నియమాల్లో 16వది, ఫిర్యాదులూ దాని మీద తీసుకున్న చర్యలూ గోప్యంగా ఉంచాలంటుంది. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, ఆన్‌లైన్‌లో రాసిన మాటలకి కేసు పెట్టే 66ఏ సెక్షన్‌ని కొట్టేసి 69ఏని నిలబెట్టింది. కారణాలు రాతపూర్వకంగా ఉండాలని, వాటిని కోర్టులో సవాలు చేయవచ్చని, అందుకే ఇది చెల్లుతుందని చెప్పింది. కంటికి కనపడని ఆదేశాన్ని తిరుపతి కోర్టు మెట్ల మీద నిలబడి నేనెట్లా సవాలు చేయాలి?

కంపెనీలు ఈ గోప్యతకి బాగా అలవాటు పడిపోయాయి. ప్రభుత్వాలు అడిగితే 2022లో ప్రపంచమంతా కలిపి 1,474 యాప్‌లు తీసేశామని, అందులో 1,435 చైనావేనని ఆపిల్ నివేదిక చెప్పింది. అంకెలు సరే, పేర్లేవి?

వాళ్ల మీద ఒత్తిడి ఎట్లా ఉంటుందో నాకు తెలీక కాదు. రష్యా 2021 జులైలో పెద్ద విదేశీ టెక్ కంపెనీలు తమ దేశంలో ఆఫీసు తెరిచి మనుషుల్ని పెట్టాలని చట్టం చేసింది. ఆ సెప్టెంబరు 17న, అక్కడి పార్లమెంటు ఎన్నికల పోలింగ్ మొదలైన రోజే, పుతిన్ ప్రత్యర్థి నవాల్నీ వర్గం ఓటర్ల కోసం పెట్టిన యాప్‌ని ఆపిల్, గూగుల్ రెండూ తీసేశాయి. అక్కడ పనిచేసే గూగుల్ ఉద్యోగుల్ని పేర్లు పెట్టి కేసులు వేస్తామని బెదిరించారు. జీతానికి పనిచేసేవాడు జైలుకి పోవాలని ఎవరూ కోరరు. అదే ఏడాది మే నుంచి మన ఐటీ నియమాలు కూడా, 50 లక్షలు దాటి వాడకందార్లున్న సోషల్ మీడియా కంపెనీలు ఇండియాలో నివసించే ఒక అధికారిని పెట్టాలని, తేడా వస్తే ఆయన మీద కేసు పెట్టొచ్చని చెప్తున్నాయి. జవాబు చెప్పడానికి ఒక మనిషి దొరకడం మంచిదే. ఆ మనిషే బందీగా కూడా పనికొస్తాడు.

అందుకే వీరులు కమ్మని నేను కంపెనీల్ని అడగను. ఏ యాప్, ఏ తేదీన, ఏ సెక్షన్ కింద, ఏ శాఖ అడిగితే తీశారో ఆ యాప్ పేజీ ఉన్న చోటే రాయండి. ఇక రెండో దారి ఉంచండి. గేటు దగ్గర ఆపినా నడిచి పోగలిగే దారి ఉంటే, మీ ఉద్యోగిని బెదిరించి లాభం ఉండదు. ఎందుకంటే ఆపడం మీ చేతిలో ఉండదు.

కథ మాత్రం ఎదురు నడుస్తోంది. ప్లే స్టోర్ బయటి నుంచి ఎక్కించే యాప్‌లైనా సరే, రాసినవాళ్లు ముందు తమ గుర్తింపు మాకు రుజువు చేసుకోవాలని 2025 ఆగస్టులో గూగుల్ ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లతో మొదలుపెట్టి మిగతా ప్రపంచానికి. గోల లేచాక, ఒడుపు తెలిసినవాళ్లకి వేరే ఏర్పాటు ఉంచుతామని సర్దిచెప్పింది. బావకి చెబితే, “మంచిదే గదా, లోన్ యాప్ దొంగలు దొరుకుతారు” అన్నాడు. కొందరు దొరుకుతారు, కాదనను. కానీ టెహ్రాన్‌లోనో మాస్కోలోనో కూర్చుని తన ఊరి జనం కోసం ఉచితంగా వీపీఎన్ రాసే కుర్రాడు ఆ ఫారం ముందు కూర్చుని తన అసలు పేరు, అడ్రసు, గుర్తింపు కార్డు పెడతాడా? నేనైతే పెట్టను.